పెన్నా నీటి పరీక్షల ఖర్చులో మీ ఊరి వాటా తేల్చడం ఎలా?

బడ్జెట్ రోజులు దగ్గరపడితే చాలు, కార్పొరేటర్లు, పంచాయతీ కార్యదర్శులు, కాలనీ సంఘాల పెద్దలు ఒకే మాట అడుగుతుంటారు. నది అందరిదీ అయినప్పుడు నీటి పరీక్షల ఖర్చు ఎవరిది? నగరం ఎంత పెట్టాలి, పక్క పంచాయతీ ఎంత పెట్టాలి? ‘జనాభాను బట్టి పంచేద్దాం’ అని ఎవరో ఒకరు అంటారు, అందరూ తలాడిస్తారు, ఆర్నెల్లకు తగువు మొదలవుతుంది. ఆ తగువు రాకుండా లెక్క ఎలా వేయాలో, ఎక్కడ తప్పులు దొర్లుతాయో కింద వరసగా ఉంది.

ఉదాహరణకు నెల్లూరు జిల్లాలో సంగం బ్యారేజీ నుంచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేదాకా ఉన్న పెన్నాను తీసుకున్నాం. ఒంగోలు వాళ్లు గుండ్లకమ్మకు ఇదే పద్ధతి వాడుకోవచ్చు, చోట్లు మార్చుకుంటే సరిపోతుంది. ఒక్క సంగతి ముందే తెలుసుకోండి: వాటా లెక్క డబ్బుతో మొదలుకాదు, శాంపిళ్ల జాబితాతో మొదలవుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఏం పరీక్షించాలో తేలకుండా ‘ఏడాదికి పది లక్షలు, నగరం ఏడు పెట్టుకోవాలి’ అని తీర్మానం చేస్తే ఆ అంకెను ఆడిట్‌లో ఎవరూ సమర్థించలేరు.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- గత ఏడాది నది నుంచి ఎన్ని నీళ్లు తోడారో నెలవారీ లెక్క. పంపుహౌస్ లాగ్‌బుక్ నకలు చాలు. ఊట బావుల నుంచి తోడేది కూడా ఇందులోకే వస్తుంది.
- మురుగు లెక్క: ఎంత పుడుతోంది, ఎంత శుద్ధి అవుతోంది, ఎంత నేరుగా కాలువల్లోకి పోతోంది.
- ఊళ్ల వారీగా జనాభా. 2011 జనగణనే ఆధారమైతే ఆ మాట రాయండి.
- నది, కాలువలు, మురుగు కలిసే చోట్లు గుర్తించిన మ్యాప్. చేత్తో గీసినా ఫర్వాలేదు, అక్షాంశ రేఖాంశాలు మాత్రం ఫోన్‌లో చూసి రాయండి.
- కనీసం మూడు ల్యాబ్‌ల కొటేషన్లు, ఒక్కో పరీక్షకు విడివిడి ధరతో.

ఫ్లోమీటరు లేని పంపుహౌస్‌లో ‘పంపు సామర్థ్యం × నడిచిన గంటలు’ అని లెక్కేస్తారు. ఇందులో మోసపోయే చోటు ఒకటుంది. పంపు మీద బిళ్లపై రాసిన సామర్థ్యం కొత్తలోది. లోపల నీటిని నెట్టే రెక్కల చక్రం (ఇంపెల్లర్) అరిగాక అంత నీరు రాదు. సంపు ఖాళీగా ఉన్నప్పుడు పంపు వేసి, అది నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసి అసలు సామర్థ్యం తేల్చుకోండి. సంపు పొడవు, వెడల్పు, ఎక్కిన నీటి ఎత్తు మీటర్లలో గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. ఒక ఘనపు మీటరుకు వెయ్యి లీటర్లు. ఆ సేపు సంపు నుంచి బయటికి పోయే వాల్వు కట్టేసి ఉండాలి.

1. ఎవరు కలుస్తున్నారో, దేనికి కలుస్తున్నారో ఒక పేజీలో రాయండి

రెండు రకాల పరీక్షలున్నాయి, వాటిని కలపొద్దు. మొదటిది నది పరీక్ష: అందరూ తోడుకునే, అందరి మురుగూ చేరే నీటిది. దీని ఖర్చే ఉమ్మడిది. రెండోది కుళాయి పరీక్ష: మీ ట్యాంకు, మీ పైపులైను, మీ వీధి చివరి కుళాయి. దాని ఖర్చు ఎవరిది వారిదే. కుళాయి శాంపిళ్లను ఉమ్మడి పద్దులోకి తోస్తే నగరం పైపుల లీకులకు పంచాయతీ డబ్బు కట్టినట్టవుతుంది.

కుళాయి శాంపిళ్లు ఎన్ని కావాలో తెలియకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు పట్టుకోండి. జనాభా 5 వేల నుంచి లక్ష దాకా ఉంటే ప్రతి 5 వేలకు నెలకో శాంపిల్. లక్ష నుంచి 5 లక్షల దాకా ఉంటే ప్రతి 10 వేలకు ఒకటి, పైన మరో 10. అంటే 60 వేల జనాభా ఉన్న పట్టణం సూక్ష్మజీవుల పరీక్షకే నెలకు 12 శాంపిళ్లు సొంత ఖర్చుతో తీయాలి. ఈ పద్దు విడిగా రాయండి.

రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర అదనంగా తీయించే శాంపిళ్లు నగరం సొంత ఖర్చు కిందికే వస్తాయి. అంతమంది నీళ్లలో దిగే చోట పరీక్ష తప్పనిసరి. ఉమ్మడి పెన్నా పద్దుతో దానికి పని లేదు.

2. ఉన్న ఫలితాలు ముందు తెప్పించుకోండి

కాలుష్య నియంత్రణ మండలి జాతీయ కార్యక్రమం కింద పెన్నాలో కొన్ని చోట్ల నీటిని పరీక్షిస్తోంది. కేంద్ర జల సంఘానికి నెల్లూరు దగ్గర ప్రవాహం కొలిచే కేంద్రం ఉంది. తాగునీటి వనరుల ఫలితాలు గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గర ఉంటాయి. వాళ్లు నెలనెలా పరీక్షించే చోటే మీరూ డబ్బు పోసి పరీక్షించనక్కర్లేదు. లెటర్‌హెడ్‌పై ఉత్తరం రాస్తే చాలాసార్లు ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘పెన్నా నీటి వివరాలు’ అని అడిగితే పనికిరాని కాగితాలు వస్తాయి. చోటు పేరు, నెలలు, కావాల్సిన పరీక్షల పేర్లు రాసి అడగండి.

3. చోట్లు, తేదీలు

ఎనిమిది చోట్లు చాలు. సంగం బ్యారేజీ పైన ఒకటి. ఇదే మీ పోలిక చోటు, పైనుంచి వచ్చే నీరు ఎలా ఉందో చెబుతుంది. దాన్ని మానేసి డబ్బు మిగిల్చామనుకుంటే తర్వాత ఏ ఫలితాన్ని దేనితో పోల్చాలో తెలియదు. నెల్లూరు బ్యారేజీ పైన ఒకటి. బ్యారేజీ నుంచి బయల్దేరే సర్వేపల్లి, జాఫర్ సాహెబ్ కాలువలు నగరం దాటాక ఒక్కోటి. నగరం మురుగు నదిలో కలిసేచోటికి పైన ఒకటి, కింద ఒకటి. ఇందుకూరుపేట వైపు ఒకటి, ఊటుకూరుకు ఎగువన ఒకటి.

మురుగు కలిసిన వెంటనే, ఒడ్డు పక్కన శాంపిల్ తీయడం బాగా జరిగే పొరపాటు. అక్కడ మురుగు, నది నీరు ఇంకా కలిసి ఉండవు. సీసాలోకి మురుగే వస్తుంది, లేదా నది నీరే వస్తుంది. రెండు ఒడ్ల దగ్గరా, మధ్యలోనూ కండక్టివిటీ (కరిగిన లవణాలను బట్టి మారే విద్యుద్వాహకత) మీటరు పెట్టి చూడండి. మూడు అంకెలూ దాదాపు ఒకటిగా వచ్చేదాకా దిగువకు నడవండి, అక్కడ చోటు ఖాయం చేయండి. సముద్రం దగ్గర పోటు నీరు ఎదురెక్కుతుంది కాబట్టి ఆఖరి చోట ఆటు సమయంలోనే తీయాలి. ఏ గంటకు తీశారో రాయాలి.

తేదీల దగ్గర నెల్లూరుకు ఒక ప్రత్యేకత ఉంది. ‘వానకు ముందు, వాన తర్వాత’ అన్న గడి పెట్టిన ఫారాల్లో చాలామంది మే, అక్టోబరు అని నింపేస్తారు. అది నైరుతి మీద బతికే జిల్లాల లెక్క. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. కాబట్టి వానకు ముందు శాంపిల్ సెప్టెంబరులో, తర్వాతది జనవరిలో తీయాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వరి మళ్ల నుంచి దిగే నీటిలో పురుగుమందుల పరీక్షకు కూడా అదను కుదురుతుంది.

బ్యారేజీ దిగువన నది ఎండిపోయే నెలలుంటాయి. ఇసుక గుంటల్లో నిలిచిన నీటిని సీసాలో పట్టి ‘పెన్నా శాంపిల్’ అని రాయొద్దు. ‘ప్రవాహం లేదు’ అని ఫొటోతో నమోదు చేయండి. ఆ శాంపిల్‌కు బిల్లు కట్టనక్కర్లేదని ఒప్పందంలో ముందే రాయండి.

4. పరీక్షలు మూడు మెట్లుగా విడగొట్టండి

నెలనెలా: పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), కండక్టివిటీ, కరిగిన ఆక్సిజన్, బీవోడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్; ఎక్కువుంటే మురుగు ఎక్కువ), కోలిఫాం (మలం కలిసిందేమో తెలిపే సూక్ష్మజీవులు).

మూడు నెలలకోసారి: నైట్రేట్, అమ్మోనియా, క్లోరైడ్, సల్ఫేట్, కాఠిన్యం, క్షారత, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, ఫ్లోరైడ్.

ఏడాదికి రెండుసార్లు: సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలు, పురుగుమందులు.

అన్నీ నెలనెలా చేయించాలని పట్టుబట్టే సభ్యుడు ఒకరు ఉంటారు. లోహాలు, పురుగుమందుల పరీక్ష ధర మామూలు పరీక్షకు అయిదారు రెట్లు ఉంటుందని కొటేషన్ చూపించండి. ఫ్లోరైడ్ బాధ ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో ఎక్కువ. అక్కడ బోర్లకు ప్రత్యేకంగా పరీక్ష పెట్టాలి, నది పరీక్షలో వెతికితే దొరకదు.

5. ల్యాబ్‌ను పట్టుకోవడం

‘ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా?’ అని అడిగి ఊరుకోవద్దు. ఆ గుర్తింపు ఒక్కో పరీక్షకు విడిగా ఇస్తారు. పీహెచ్‌కు ఉండి పురుగుమందులకు లేని ల్యాబ్‌లున్నాయి. గుర్తింపు పత్రం వెనక ఉండే పరీక్షల జాబితా తెప్పించి మీ జాబితాతో సరిపోల్చండి. గడువు తేదీ చూడండి. ఎంత తక్కువ మోతాదు దాకా కొలవగలరో అడగండి. తాగునీటి ప్రమాణంలో ఆర్సెనిక్ హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. ల్యాబ్ 0.05 దాకే కొలవగలిగితే ‘కనబడలేదు’ అన్న దాని రిపోర్టుకు అర్థం లేదు.

దూరం కూడా చూసుకోవాలి. కోలిఫాం సీసా ఐసులో పెట్టి ఆరు గంటల్లో చేర్చడం మేలు, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకూడదు. చెన్నై ల్యాబ్ చవకగా చేస్తానన్నా, సాయంత్రం బస్సులో వేసిన పెట్టె మర్నాడు మధ్యాహ్నం తెరిస్తే ఆ డబ్బు వృథా. కోలిఫాం దగ్గర ల్యాబ్‌కు, లోహాలు దూరపు ల్యాబ్‌కు ఇచ్చుకోవచ్చు.

జీఎస్టీ సంగతి. స్థానిక సంస్థకు నీటి సరఫరా లాంటి దాని రాజ్యాంగబద్ధ విధులకు సంబంధించి ఇచ్చే ‘ప్యూర్ సర్వీస్’కు (సరుకు కలవని సేవకు) 2017 నాటి 12వ నంబరు నోటిఫికేషన్‌లో మినహాయింపు ఉంది. కొటేషన్‌లో 18 శాతం వేసి ఉంటే ఆ మినహాయింపు తమకు వర్తిస్తుందో లేదో ల్యాబ్‌తో రాతపూర్వకంగా చెప్పించుకోండి, మీ అకౌంట్స్ విభాగానికి చూపించండి. అంచనాలో పన్ను వేసి, బిల్లులో తీసేసి, మిగులు ఎవరిదో తేలక ఆగిపోయే ఫైళ్లు ఇలాగే పుడతాయి.

6. అంచనా వేయండి

కింది ధరలు, పరిమాణాలు లెక్క చూపడానికి అనుకున్నవి. మీ కొటేషన్లు వేసుకోండి.

నెలవారీ పరీక్ష: 8 చోట్లు × 12 నెలలు = 96. దీనికి పదిశాతం జంట శాంపిళ్లు 10, ట్రిప్పుకు ఒకటి చొప్పున ఖాళీ శాంపిళ్లు 12 కలపండి. మొత్తం 118 × 1,500 = 1,77,000 రూపాయలు.

మూడు నెలల పరీక్ష: 32, జంటలు 4, మొత్తం 36 × 2,500 = 90,000.

లోహాలు, పురుగుమందులు: 16, జంటలు 2, మొత్తం 18 × 9,000 = 1,62,000.

బండి, ఇద్దరు మనుషులు: నెలకు రెండు రోజులు, 24 × 4,500 = 1,08,000.

సీసాలు, ఐసు పెట్టెలు, రసాయనాలు: 40,000. నమోదు, నివేదిక: 48,000.

ఇక్కడికి 6,25,000. మళ్లీ తీయాల్సిన శాంపిళ్లకు 50,000. మొత్తం 6,75,000 రూపాయలు.

జంట శాంపిల్ అంటే ఒకే చోట ఒకేసారి రెండు సీసాలు పట్టి వేర్వేరు నంబర్లతో పంపడం. ఖాళీ శాంపిల్ అంటే శుద్ధమైన డిస్టిల్డ్ నీటిని నది దగ్గరే సీసాలో పోసి మిగతావాటితో కలిపి పంపడం. పొదుపు పేరుతో మొదట కత్తిరించేది వీటినే. ఇవి లేకపోతే వచ్చిన అంకె నదిదో, సీసా మురికిదో చెప్పే దారి ఉండదు. కత్తిరించక తప్పకపోతే చోట్లు తగ్గించుకోండి, వీటిని మాత్రం ఉంచండి.

మీటర్లు, ఫ్రిజ్ లాంటి కొనుగోళ్లు ఈ అంచనాలో వేయొద్దు. అవి ఒక్కసారి ఖర్చు, ఎవరి ఆస్తి రిజిస్టరులో ఎక్కుతాయో వాళ్లే కొనడం మంచిది.

7. వాటా సూత్రం

లెక్కలో అసలు పట్టు ఇక్కడుంది. మొత్తాన్ని మూడు కుప్పలు చేయండి. 10 శాతం అందరికీ సమానం. 45 శాతం తోడుకునే నీటిని బట్టి. 45 శాతం నదికి చేర్చే మురుగు బరువును బట్టి. ఈ శాతాలు చట్టం కాదు, మీరు కూర్చుని మార్చుకోవచ్చు. తోడేదాన్నీ కలిపేదాన్నీ విడివిడిగా లెక్కించడం మాత్రం వదలొద్దు.

మురుగు బరువుకు సూత్రం తేలిక. రోజుకు మిలియన్ లీటర్లను బీవోడీ మిల్లీగ్రాములతో గుణిస్తే రోజుకు కిలోలు వస్తాయి. శుద్ధి చేసింది, చేయనిది విడివిడిగా వేసి కూడండి.

అనుకున్న ఉదాహరణ: ఒక నగరం, ఒక పట్టణం, మూడు పంచాయతీలు. జనాభా వరసగా 6 లక్షలు, 60 వేలు, 20 వేలు, 15 వేలు, 5 వేలు. రోజుకు తోడేది 81, 5.4, 1.8, 1.35, 0.45 మిలియన్ లీటర్లు, మొత్తం 90. వాడిన నీటిలో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే నగరానిది 64.8. అందులో 44.8 శుద్ధి చేసి బీవోడీ 20తో వదులుతోంది, 20 మాత్రం బీవోడీ 200తో నేరుగా పోతోంది. అంటే 896 + 4,000 = 4,896 కిలోలు. పట్టణానికి శుద్ధి కేంద్రమే లేదు: 4.32 × 200 = 864 కిలోలు. పంచాయతీల నీళ్లు ఇంకుడు గుంతల్లోకి పోతాయి, నదికి చేరేది లేదనుకుందాం. మొత్తం 5,760. నగరం 85 శాతం, పట్టణం 15 శాతం.

సమాన కుప్ప 67,500, తలా 13,500. మిగతా రెండు కుప్పలు ఒక్కోటి 3,03,750. కూడితే వాటాలు ఇలా వస్తాయి:

నగరం: 13,500 + 2,73,375 + 2,58,187 = 5,45,062
పట్టణం: 13,500 + 18,225 + 45,563 = 77,288
మొదటి పంచాయతీ: 13,500 + 6,075 = 19,575
రెండోది: 13,500 + 4,556 = 18,056
మూడోది: 13,500 + 1,519 = 15,019

అయిదూ కూడితే 6,75,000 రావాలి. రూపాయి తేడా వచ్చినా సవరించండి, పైసలు ఎటు సర్దాలో ఒప్పందంలో ఒక వాక్యం పెట్టండి.

ఇప్పుడు జనాభా ఒక్కదాని మీదే పంచి చూడండి. నగరం 5,78,571 కట్టాలి, పట్టణం 57,857తో బయటపడుతుంది. శుద్ధి కేంద్రం కట్టి నడిపే నగరానికి ఎక్కువ, మురుగంతా నేరుగా వదిలే పట్టణానికి తక్కువ. జనాభా సూత్రంతో చిక్కు అదే.

మూడు కుప్పల పద్ధతిలోనూ మెలికలున్నాయి. చిన్న పంచాయతీ జనాభా లెక్కన 4,821 కట్టాల్సింది, ఇక్కడ 15,019 అయింది. సమాన కుప్ప బరువంతా చిన్నవాళ్ల మీదే పడుతుంది. 5 వేలు, అంతకంటే తక్కువ జనాభా ఉన్న ఊరికి సమాన వాటాలో సగం మాఫీ చేసి, ఆ 6,750 నగరానికి కలిపితే నగరానికి తెలియనైనా తెలియదు, పంచాయతీకి పెద్ద ఊరట. రెండో మెలిక: రేపు పట్టణం శుద్ధి కేంద్రం కట్టి బీవోడీ 20కి దించిందనుకోండి. దాని బరువు 86.4 కిలోలకు పడిపోతుంది. నగరం ఏమీ మార్చకపోయినా దాని శాతం 98 దాటి, సుమారు 40 వేలు అదనంగా పడుతుంది. ఇది అన్యాయమని నగరం వాదిస్తుంది. శాతాలను మూడేళ్లకోసారే సవరించాలని, ఒక సవరణలో ఎవరి వాటా అయినా 10 శాతానికి మించి పెరగకూడదని, మించినది సమాన కుప్పలోకి పోవాలని ముందే రాసుకోండి.

లెక్కలో దొర్లే తప్పులు కొన్ని:

జనాభా రెండుసార్లు పడటం. 2011 తర్వాత నెల్లూరు చుట్టుపక్కల గ్రామాలు కొన్ని కార్పొరేషన్‌లో కలిశాయి. బుచ్చిరెడ్డిపాలెం అప్పట్లో పంచాయతీ, ఇప్పుడు నగర పంచాయతీ. పాత జనగణన పట్టికలోంచి అంకెలు ఎత్తిరాస్తే కలిసిన గ్రామం అటు నగరంలోనూ, ఇటు మండలంలోనూ పడుతుంది.

శుద్ధి కేంద్రం సామర్థ్యాన్నే శుద్ధి చేసిన నీరుగా రాయడం. కేంద్రానికి ఎంత మురుగు చేరుతోందో లాగ్‌బుక్‌లో చూడాలి. సగం ఇళ్లకు మురుగు కనెక్షన్ లేకపోతే సామర్థ్యం కాగితం మీదే ఉంటుంది.

రొయ్యల చెరువుల నీటిని పంచాయతీ ఖాతాలో వేయడం. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు ఈ వాదన తప్పక వస్తుంది. చెరువులు ప్రైవేటువి, వాటికి కోస్తా ఆక్వాకల్చర్ చట్టం కింద విడి నిబంధనలున్నాయి. పరిశ్రమలకు కాలుష్య మండలి అనుమతి షరతులున్నాయి. వాటి బరువును ఫలితాల్లో చూపండి, వాటాల్లో మాత్రం కలపొద్దు.

8. డబ్బు ఏ పద్దులోంచి, ఎప్పుడు

ఏప్రిల్‌లో శాంపిళ్లు మొదలవ్వాలంటే సెప్టెంబరులో లెక్కలు అడగాలి, అక్టోబరులో సూత్రం ఒప్పుకోవాలి, నవంబరుకల్లా ఎవరి బడ్జెట్ ప్రతిపాదనలో వాళ్లు అంకె పెట్టాలి. ఫిబ్రవరిలో మేల్కొంటే సవరణ బడ్జెట్ దాకా ఆగాల్సిందే.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం షరతులతో కూడినవి. అందులో సగం, అంటే మొత్తంలో 30 శాతం, తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. ఆ కాలం 2025–26 దాకానే కాబట్టి ఆ తర్వాతి ఏడాదికి పాత సర్క్యులర్ నంబరు వేసి తీర్మానం రాయొద్దు, కొత్త నిబంధన చూసి రాయండి. జల్ జీవన్ మిషన్‌లో నీటి నాణ్యత పరీక్షలకు కేటాయింపులో 2 శాతం దాకా వాడుకోవచ్చు. అది గ్రామాల తాగునీటికి ఉద్దేశించింది. పంచాయతీ తన బోర్లు, కుళాయిల పరీక్షకు దాన్ని అడగాలి, నది వాటాను సాధారణ నిధిలోంచి పెట్టుకోవాలి. ఏ గ్రాంటూ ఒప్పుకోకపోతే నీటి పన్ను వసూళ్లే దారి.

డబ్బు ఒకరి దగ్గర డిపాజిట్ చేసి వారే ల్యాబ్‌కు కట్టడం సులువు. మామూలుగా అది కార్పొరేషనే అవుతుంది. ఎక్కువ మురుగు వదిలేవాళ్లే పరీక్ష చేయిస్తే ఎలా అని పంచాయతీలు అడుగుతాయి, అడగాలి కూడా. అందుకు మందు: విడి బ్యాంకు ఖాతా, శాంపిల్ తీసేటప్పుడు వేరే సంస్థ మనిషి ఒకరు, ల్యాబ్ రిపోర్టు అయిదుగురికీ ఒకేసారి పంపడం. ఈ మూడూ ఒప్పందంలో ఉంటే చాలు. సగం డబ్బు ఏప్రిల్‌లో, సగం అక్టోబరులో జమ. రెండో విడతకు ముందు మొదటి విడత వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి.

9. శాంపిల్ తీసే రోజు

కోలిఫాంకు స్టెరిలైజ్ చేసిన సీసా. క్లోరిన్ ఉండే కుళాయి నీటికైతే అందులో సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపు క్లోరిన్ సూక్ష్మజీవులను చంపేస్తుంది, చెడ్డ నీరు మంచిగా తేలుతుంది. మూత లోపలివైపు వేలు తగలనీయొద్దు. సీసా నిండా పట్టొద్దు, కుదపడానికి కాస్త గాలి వదలండి.

కరిగిన ఆక్సిజన్‌కు ఇందుకు విరుద్ధం: బుడగ లేకుండా నిండా పట్టి, అక్కడే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ పోసి స్థిరపరచాలి. లేదా మీటరుతో అక్కడే కొలవాలి. ల్యాబ్‌కు వెళ్లాక కొలిచిన ఆక్సిజన్ అంకె నదిది కాదు.

లోహాలకు నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే దించాలి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా, గాజు వద్దు. పురుగుమందులకు ముదురు రంగు గాజు సీసా, ప్లాస్టిక్ వద్దు. బీవోడీ సీసా చల్లగా, చీకట్లో ఉండాలి. మన దగ్గర బీవోడీని 27 డిగ్రీల వద్ద 3 రోజులకు కొలుస్తారు. కొన్ని ల్యాబ్‌లు 20 డిగ్రీల వద్ద 5 రోజుల పద్ధతి వాడతాయి. రిపోర్టులో ఏ పద్ధతో చూడకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టొద్దు.

10. ఫలితం సరిచూసి బిల్లు పాస్ చేయండి

రిపోర్టు రాగానే కెమిస్ట్రీ చదవనివాళ్లు కూడా పట్టుకోగల తప్పులు ఇవి:

- ఖాళీ శాంపిల్‌లో కోలిఫాం కనబడితే ఆ ట్రిప్పు కోలిఫాం ఫలితాలు ఏవీ పనికిరావు.
- రసాయన పరీక్షల్లో జంట శాంపిళ్ల మధ్య 20 శాతం కంటే తేడా ఉంటే కారణం అడగండి. కోలిఫాంకు ఈ హద్దు వర్తించదు, దాని అంకెలు సహజంగానే ఊగుతాయి.
- మల కోలిఫాం మొత్తం కోలిఫాం కంటే ఎక్కువ ఉండదు. ల్యాబ్ సీవోడీ (మురికిని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) కూడా ఇస్తే, బీవోడీ దానికంటే ఎక్కువ ఉండదు.
- కరిగిన లవణాల అంకె కూడా ఇస్తే, దాన్ని కండక్టివిటీతో భాగిస్తే మామూలుగా 0.55 నుంచి 0.75 మధ్య రావాలి.
- మూడు నెలల పరీక్షలో ధన, రుణ అయాన్ల (విద్యుదావేశం ఉన్న కరిగిన కణాల) మొత్తాలు దాదాపు సరిపోవాలి. 10 శాతం మించి తేడా ఉంటే ఏదో ఒక పరీక్ష తప్పింది. ఈ లెక్క వేసి ఇమ్మని ల్యాబ్‌నే అడగండి.
- నాలుగు నెలలు వరసగా ఒకే అంకెలు వస్తే ల్యాబ్‌ను సందేహించండి. నది అలా ఉండదు.

నది నీటిని తాగునీటి ప్రమాణంతో పోల్చి ‘విషం’ అని ప్రకటించే వాళ్లుంటారు. శుద్ధి చేసి తాగడానికి పనికొచ్చే నదికి కేంద్ర కాలుష్య మండలి పెట్టిన ‘సి’ తరగతి హద్దులు వేరు: బీవోడీ 3 మిల్లీగ్రాములు లేదా తక్కువ, కరిగిన ఆక్సిజన్ 4 లేదా ఎక్కువ, మొత్తం కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 5,000 లేదా తక్కువ, పీహెచ్ 6 నుంచి 9. నదిని దీనితో చూడండి. కుళాయిని మాత్రం తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500తో చూడాలి: ఈ.కోలి (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లలో అసలు ఉండకూడదు, ఫ్లోరైడ్ 1.0 దాటకూడదు, వేరే వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5, నైట్రేట్ 45 లోపు.

బిల్లును ట్రిప్పుల లెక్కన కాకుండా చెల్లే ఫలితాల లెక్కన కట్టండి. ఏడాది చివర మొత్తం ఖర్చును చెల్లిన నది శాంపిళ్ల సంఖ్యతో భాగించండి. పై ఉదాహరణలో 96కు 96 చెల్లితే ఒక్కోదానికి 7,031 రూపాయలు. 70 మాత్రమే చెల్లి, ఖర్చు మాత్రం అంతే అయితే 9,643 అవుతుంది. వచ్చే ఏడాది ల్యాబ్‌ను మార్చాలా, చోట్లు తగ్గించాలా అన్నది ఈ అంకె పెట్టి అడగండి.

ఎవరైనా వాటా కట్టకపోతే వాళ్ల చోట పరీక్ష ఆపేయడం మొదట తోచే పని. అది చేయొద్దు. మధ్యలో ఒక చోటు తీసేస్తే పైదానికీ కిందిదానికీ లంకె తెగిపోతుంది, కట్టినవాళ్ల డబ్బు కూడా పాడవుతుంది. లోహాలు, పురుగుమందుల పరీక్షల్లో ఒక విడతను వాయిదా వేసి నెలవారీ పరీక్షలు నడపండి, బకాయిని వచ్చే ఏడాది వాటాకు కలిపి రాయండి. ఏడాది చివర డబ్బు మిగిలితే తిరిగి ఇచ్చేయడం కంటే, ఎవరెంత కట్టారో ఆ నిష్పత్తిలోనే వచ్చే ఏప్రిల్ విడతలో తగ్గించుకోవడం అందరికీ సులువు. మార్చి 31 నాటి ఖాతా నిల్వ పత్రం అయిదు కార్యాలయాల ఫైళ్లలోనూ ఉండేట్టు చూసుకోండి.